లచ్చయ్య బావి దిక్కు

పోయిన వారం సింధూరని మనం చెట్ల మధ్య, దారి తప్పిన బంతిని వెతుక్కుంటూ ఉండగా వదిలి వచ్చాం. పద్దెనిమిదేళ్ళ పిల్ల. అల్మాస్‌గూడ ప్రాక్టీసు మైదానంలో కర్ర పట్టిందంటే బంతి గీత గీసినట్టు జెండా దగ్గరికి పోతుంది. అదే పిల్ల, నగరం ఆ చివరున్న గోల్ఫు మైదానంలో పోటీకి దిగితే పదకొండు బంతులు ఎడమకి తిరిగి చెట్లలో పడ్డాయి. తండ్రి బాపిరాజు అక్కడికక్కడే తేల్చేశాడు. "దశరథ గారూ, వచ్చే శనివారం రాష్ట్ర జట్టుకి సెలక్షనండి. అందులో చోటు రాలేదో, ఈ సంచి అటకెక్కించేస్తాను. ఇక పిల్లకి ఆటా లేదు, పాటా లేదు."

ఆ శనివారం రేపే.

ఈ వారమంతా కోచ్ దశరథకి కంటి మీద కునుకు లేదు, కంచంలో అన్నం సయించలేదు. పిల్ల పట్టు చూశాడు, మణికట్టు చూశాడు, భుజం, తల, మోకాలు అన్నీ చూశాడు. దేనికీ వంక పెట్టడానికి లేదు. ఇక మిగిలింది మనసొక్కటే కదా! "నీకు పోటీల భయమైతున్నది బిడ్డా, అంతే" అని మూడేళ్ళుగా చెబుతున్న మాటే మళ్ళీ చెప్పాడు. కోచ్ అంతటివాడు చెప్పాక నమ్మక ఏం చేస్తారు? బాపిరాజు కూతుర్ని మనసు డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాడు. తల్లి లలితకుమారి తాయెత్తు కట్టించింది. ఇంట్లో పులి, వీధిలో పిల్లి అని చుట్టాలు నవ్వారు. మాత్రలకి నిద్రయితే పట్టింది గానీ బంతి మాత్రం తిన్నగా పోలేదు.

తెలంగాణ రాష్ట్రం కోసం సమ్మె మొదలై ఆ శుక్రవారానికి పద్దెనిమిదో రోజు. ఎల్బీ నగర్ చౌరస్తాలో బస్సు అన్న మాటే లేదు. విజయవాడ బస్సులు నిలబడే చోట ఆడవాళ్ళు బతుకమ్మ ఆడుతున్నారు. మైదానంలో పనివాళ్ళెవరూ రాలేదు, వచ్చే దారి లేదు. రెండ్రోజులు పట్టిన ముసురుకి మ్యాట్ల కింద నీళ్ళు చేరాయి. బంతి కొట్టడానికి నిలబడే ఆ రబ్బరు మ్యాట్లు ఎనిమిదీ దశరథ ఒక్కడే లేపి కంచెకి ఆనించి ఆరబెట్టాడు. నలభై రెండేళ్ళ మనిషి, నడుం పట్టేసింది. మ్యాట్లు లేచిన చోట గడ్డి లేని మట్టి, ఎనిమిది పలకల్లాగా వరసగా బయటపడింది.

అప్పుడే తల్లి అండాలు సద్ది పట్టుకుని వచ్చింది. డెబ్బై ఏళ్ళ ముసలిది. ఈ మైదానమంతా ఒకప్పుడు ఆవిడ జొన్నలు వేసిన పొలమే. మూడెకరాలూ అమ్ముకున్నారు. కొన్నాయన ప్లాట్లు వేద్దామనుకుంటే అనుమతి దొరకలేదు. ఖాళీగా ఉంచితే కబ్జా చేస్తారని భయపడి చుట్టూ వల కట్టి గోల్ఫు నేర్పే చోటు చేశాడు. ఇరవై ఏళ్ళు సికిందరాబాదులో ఆఫీసర్ల గోల్ఫు సంచులు మోసి, చూసి చూసి ఆట నేర్చిన దశరథని పిలిచి కోచ్‌ని చేశాడు. అమ్ముకున్న పొలంలోనే జీతానికి పాఠాలు! నవ్వాలో ఏడవాలో ఆ తల్లీకొడుకులకి ఇప్పటికీ తెలియదు.

అండాలు సద్ది మూట దింపి, ఎనిమిది మట్టి పలకల వెనక నిలబడి, నొసటి మీద చెయ్యి అడ్డం పెట్టుకుని చూసింది.

"ఏందిరా దశ్రథా, గిది మనం దున్నిన పెద్ద కొండ్ర గద!"

"అవునవ్వా."

"నాగటి సాలు మంచిగనే గొట్టినవ్. మీ నాయిన లెక్కనే లచ్చయ్య బాయి మీద కన్ను వెట్టి గొట్టినవ్. గది మంచిగనే ఉన్నది గని, జెండ ఆడెందుకు వాతినవ్?"

"జెండ నేను వాతలే. ఓనరు తోలిన ఇంజినీరు వాతిండు."

"మరి సాలు గటు, జెండ గిటు! ఎడ్లు ఎటు పోవాలె?"

దశరథ నవ్వాడు. ముసలమ్మకి నాగలి తప్ప ఇంకేం కనిపిస్తుంది? నవ్వుతూనే ఆవిడ పక్కకి వచ్చి నిలబడి, ఆవిడ చూసిన వైపే చూశాడు. కంచె అవతల పూడిపోయిన లచ్చయ్య బావి దగ్గర తుమ్మచెట్టు. దానికి ఎడమగా నూట యాభై గజాల జెండా. ఎనిమిది పలకల అంచులూ తుమ్మచెట్టుకేసే చూస్తున్నాయి. ఒక్కటీ జెండాకేసి చూడడం లేదు.

నవ్వు సగంలోనే ఆగిపోయింది.

గబగబా గదిలోకి పోయి సుతిలి తాడు తెచ్చాడు. సింధూర ఎప్పుడూ నిలబడేది నాలుగో మ్యాటు మీద. ఆ పలక మొదట్లో మేకు కొట్టి, తాడు కట్టి, బురదలో పడుతూ లేస్తూ జెండా దాకా లాక్కెళ్ళాడు. తిరిగొచ్చి వంగి చూశాడు. పలక ఈ చివర అంచూ తాడూ ఒక్కచోటే ఉన్నాయి. ఐదడుగులు పోయేసరికి రెంటి మధ్యా జానెడుకి రెండు వేళ్ళు తక్కువ ఎడం. ఇక్కడ జానెడంటే జెండా దగ్గరికి పోయేసరికి ఇరవై గజాలు!

"ఏమైందిరా? మొకం గట్ల వెట్టినవ్?" అంది అండాలు.

"ఏం గాలేదు. నువ్వు ఇంటికి వో అవ్వా."

"తిన్నంక పోత."

"పొమ్మన్న గద!" అని కసురుకున్నాడు. పాపం, ఆవిడ ఏం చేసింది? కొడుకు మొహం చూసి, చెప్పులు వేసుకుని వెళ్ళిపోయింది.

మూడేళ్ళ కిందట జరిగింది ఇప్పుడు కళ్ళకి కట్టింది. మ్యాట్లు లారీలో దిగాయి. వరసగా పరుచు దశరథా అన్నాడు ఓనరు. అప్పటికి జెండాలు లేవు. వరస అనగానే దశరథ చేతులకి తెలిసిన వరస ఒక్కటే. ఈ పొలంలో పదేళ్ళప్పటి నుంచీ నాగలి పట్టినవాడు. మొదటి సాలు కొట్టేటప్పుడు లచ్చయ్య బావి గడ్డ మీద కన్ను పెట్టి, రెప్ప వేయకుండా పోవాలని తండ్రి నేర్పాడు. ఆ చూపుతోనే మొదటి మ్యాటు పరిచాడు, దాన్ని చూసి మిగతా ఏడూ పరిచాడు. వారం తర్వాత ఇంజినీరొచ్చి, ఎండ కళ్ళలో పడకుండా ఉంటుందని జెండా కాస్త ఎడమకి పాతి పోయాడు. మళ్ళీ సరిచూసినవాడు లేడు.

మ్యాటు అంచు చూసే సింధూర పాదాలు పెట్టేది. పాదాలు తుమ్మచెట్టుకేసి, కళ్ళు జెండాకేసి. బంతి జెండా దగ్గరికి పోవాలంటే ఒంటికి అడ్డంగా, ఎడమకి లాగి కొట్టాలి. మూడేళ్ళు రోజుకి రెండొందల బంతుల చొప్పున ఆ పిల్ల ఒళ్ళు ఆ వంకర లాగుడు నేర్చుకుంది. పోటీ మైదానంలో మ్యాటు ఉండదు కదా. అక్కడ పాదాలు బుద్ధిగా జెండాకేసే పెట్టుకునేది, ఒళ్ళు మాత్రం అలవాటు కొద్దీ ఎడమకి లాగేది. బంతి చెట్లలో పడక ఎక్కడ పడుతుంది!

మరి అంత తెలిసినవాడు మూడేళ్ళలో ఒక్కసారైనా ఎందుకు కనిపెట్టలేదంటారా? నిలబడ్డ దిక్కు తప్పిందా లేదా అన్నది వెనక నుంచి చూస్తేనే తెలుస్తుంది. దశరథ ఆ పిల్ల వెనక ఏనాడూ నిలబడలేదు. వయసొచ్చిన ఆడపిల్ల, తండ్రి అక్కడే కుర్చీ వేసుకుని కూర్చుని ఉంటాడు. వంగి బంతి కొడుతుంటే వెనక నిలబడి చూడడమేంటని, మొదటి రోజు నుంచీ ఎదురుగా నిలబడే నేర్పాడు. మగవాళ్ళ వెనక నిలబడేవాడే. వాళ్ళు ఒళ్ళు తగ్గడానికి వచ్చే ఉద్యోగస్తులు. వాళ్ళ ఆటలో వంద తప్పులుంటే ఇది నూట ఒకటోది. ఎవరు పట్టించుకుంటారు? మర్యాద అనుకున్నది ఆ పిల్ల మెడకి చుట్టుకుంది. ఆడలేక మద్దెల ఓడంటారు గానీ, ఇక్కడ పిల్లని తప్పు పట్టాం, మద్దెలే నిజంగా ఓడు, దాన్ని పరిచినవాణ్ణి నేనే అనుకున్నాడు దశరథ.

పదింటికి బాపిరాజు కారు వచ్చింది. నంబరు పలక మీద ఏపీ అన్న అక్షరాల మీద టీజీ అని కాగితం అతికించి ఉంది. అది అతికించకపోతే దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఇక్కడికి రావడానికి నాలుగు చోట్ల ఆపుతారు. దాని గురించి దశరథ అడగలేదు, బాపిరాజు చెప్పలేదు. భీమవరం వైపు మనిషి. దిల్‌సుఖ్‌నగర్‌లో బ్యాంకు పరీక్షల కోచింగ్ సెంటర్ నడుపుతాడు. పద్దెనిమిది రోజులుగా అదీ మూతే. మనిషి నలిగిపోయి ఉన్నాడు.

"ఏవండీ దశరథ గారూ, మ్యాట్లు లేపేసేరేవిటి? రేపనగా ఇవాళ!"

"నీళ్ళు వట్టినయి సార్. ఇయ్యాల మట్టి మీదనే కొట్టిపిస్త." తాడు అప్పటికే చుట్టి జేబులో పెట్టుకున్నాడు.

సింధూర సంచి దింపింది. కళ్ళ కింద నల్లగా వలయాలు. ఏడో నంబరు ఐరన్ కర్ర తీసుకుని మట్టి మీద నిలబడింది. మ్యాటు అంచు లేదు కాబట్టి, పోటీలోలాగే పాదాలు జెండాకేసి పెట్టుకుంది. కొట్టింది. బంతి చక్కగా లేచి, ఎడమకి ఇరవై గజాల అవతల వలకి తగిలింది.

"మళ్ళీ అదే!" అంది. "ఇక్కడ కూడా మొదలైంది సార్. ఇక్కడ కూడా!"

బాపిరాజు కుర్చీలోంచి లేచాడు. దశరథ మొదటిసారి ఆ పిల్ల వెనక్కి వెళ్ళి నిలబడ్డాడు.

"కుడికాలు జర ఎన్కకు జరుపు బిడ్డా. ఇంక జర. ఆఁ, చాలు. ఇప్పుడు జెండ దిక్కు చూసి కొట్టు."

బంతి పోయి జెండా పక్కన పడింది. ఇంకోటి పెట్టాడు. అదీ జెండా దగ్గరే. మూడోది జెండా కర్రకి తగిలి టంగుమంది. బాపిరాజు నోరు తెరుచుకుని చూస్తున్నాడు.

ఇక్కడే దశరథ మనసులో దయ్యం దూరింది. ఇప్పుడు నోరు మూసుకుంటే ఎవరికి తెలుస్తుంది? చివరి రోజున కిటుకు కనిపెట్టిన గొప్ప కోచ్ అంటారు. రేపు వెనక నిలబడి పాదాలు సర్దితే చాలు. ఆ తర్వాత మెల్లగా మ్యాట్లు తిప్పి పరుచుకోవచ్చు. ఉద్యోగం ఉంటుంది, పరువూ ఉంటుంది.

సింధూర వెనక్కి తిరిగింది. వారం రోజుల తర్వాత ఆ మొహం మీద నవ్వు. "సార్, అంటే నా భయం పోయిందా?"

అంతే. ఆ నవ్వు ముందు దశరథ నిలవలేకపోయాడు. మూడేళ్ళుగా తను లేని జబ్బు అంటగడితే, అది తగ్గిందని మురిసిపోతోంది పిచ్చిపిల్ల!

"నీకు భయం ఎన్నడు లేకుండె బిడ్డా" అన్నాడు. "తప్పు నాది. మ్యాట్లు నేనే వంకర పరిచిన. నీ ఒంట్ల ఏ ఐబు లేదు, నీ మనసుల లేదు. పొద్దుగాల్ల దాక నాకు తెల్వది. మా అవ్వ చూసి చెప్పింది."

జేబులోంచి తాడు తీసి, మేకుకి కట్టి, అంతా చూపించాడు. లచ్చయ్య బావి గురించీ చెప్పాడు, వెనక ఎందుకు నిలబడలేదో కూడా తల వంచుకునే చెప్పాడు. చెబుతున్నంతసేపూ సింధూర ఆ జానెడు ఎడాన్నే చూస్తూ ఉండిపోయింది.

ముందు నోరు విప్పింది బాపిరాజే. గారూ, అండీ ఎగిరిపోయాయి.

"మూడేళ్ళు! నా కూతురికి మాత్రలు మింగించాను. నువ్వు చెప్పబట్టే కదా! తెలిసి చేశావా, తెలియక చేశావా?"

"తెల్వక చేసిన సార్."

"ఏమో! మీ వాళ్ళకి మేమంటే ఎలా ఉంటుందో రోజూ చూస్తూనే ఉన్నాం. నా సెంటర్ బోర్డు మీద పేడ కొట్టిందెవరు?"

దశరథ తల పైకెత్తాడు. ఇంతసేపూ సిగ్గుతో కుంచించుకుపోయిన మనిషికి ఆ ఒక్క మాటతో ఒళ్ళు మండింది.

"నన్ను తిట్టుండ్రి సార్, పడ్త. చెప్పు తీసుకొని కొట్టినా పడ్త. గని మావోళ్ళ మాట తియ్యకుండ్రి. మ్యాట్లు పరిచింది మావోళ్ళు గాదు, నేను. సింధూరను నా బిడ్డ లెక్క చూసుకున్న. తెలిసి చేస్తే నా చేతులు వడిపోవాలె."

"చూసుకున్నావు! ఏం చూసుకున్నావు? వెనక నిలబడి చూడ్డానికి కూడా మొహమాటపడ్డావు!"

ఆ మాటకి దశరథ మళ్ళీ తల దించుకున్నాడు. అది నిజం కాబట్టి.

"నాన్నా, ఆగండి" అంది సింధూర. "తిట్టడం తర్వాత. రేపు నేను ఆడాలి. సార్, ఈ వంకర ఒక్కరోజులో పోతుందా?"

"పోదు బిడ్డా. మూడేండ్లు వట్టిన అలవాటు, మూడు నెలలన్న కావాలె. రేపొక్కరోజు గిట్లనే వంకర నిలవడి కొట్టు. జెండ ఏడుంటే దానికి జర కుడి దిక్కు పాదాలు వెట్టుకో. ఒళ్ళు దాని పని అది చేస్తది."

ఆమె తలూపి మళ్ళీ నిలబడింది. తాడుని చూసుకుని, పాదాలు కుడికి పెట్టుకుంది. దశరథ వెనక నుంచి చూశాడు. వెంట్రుకవాసి తేడా లేదు. ఇందాక నిలబడినట్టే నిలబడింది.

కొట్టింది. బంతి నేరుగా తుమ్మచెట్టుకేసి పోయింది.

"ఇంకోటి" అంది. ఆ బంతి ఎడమ వలకి తగిలింది. మూడోది నేల మీద దొర్లుతూ పది గజాలు పోయి ఆగింది. నాలుగోదానికి కర్ర ఎత్తి, మధ్యలోనే దించేసింది. ఇందాకటి దాకా ఆ ఒంటికి తను వంకర కొడుతున్నట్టు తెలియదు. తెలియదు కాబట్టే నిబ్బరంగా కొట్టింది. ఇప్పుడు తెలిసిపోయింది. కుడికి నిలబడ్డానని బుద్ధి చెబుతుంటే, చేతులు సర్దుకోబోయి మొత్తానికే చెడింది.

దశరథకి అర్థమైంది. నిజం చెప్పి తన బరువు దింపుకున్నాడు, అది తీసుకెళ్ళి ఆ పిల్ల చేతుల మీద పెట్టాడు. ఒక్కరోజు ఆగి ఉంటే? రేపు సాయంత్రం చెప్పి ఉంటే? చేతులు కాలాక ఆకులెందుకు!

"చూశావా? మూడు బంతులు జెండా దగ్గర పడ్డాయి, నా కళ్ళతో చూశాను. చెప్పి చెడగొట్టావు!" బాపిరాజు సంచి భుజానికెత్తుకున్నాడు. "పద అమ్మా. రేపు వెళ్ళొద్దు. మళ్ళీ ఆ చెట్లలో నిన్ను నేను చూడలేను."

సింధూర కదలలేదు. "నాన్నా, మీరు కార్లో కూర్చోండి."

"సింధూరా!"

"ప్లీజ్ నాన్నా. సంచి ఇక్కడ పెట్టి వెళ్ళండి."

బాపిరాజు కూతురి మొహంలోకి చూశాడు. ఏం కనిపించిందో గానీ సంచి దింపి, కారు వైపు నడిచాడు. అతను తలుపు వేసుకున్న చప్పుడు వినిపించేదాకా ఆమె ఆగింది. ఆ తర్వాత దశరథకేసి తిరిగింది.

"సార్, మూడేళ్ళు నాకు భయం లేనప్పుడు ఉందన్నారు. నేను నమ్మాను. ఇవాళ నిజంగా భయమేస్తోంది. చేతులు నావి కానట్టున్నాయి. రేపు ఏడున్నరకి నా పేరు పిలుస్తారు. ఇప్పుడేం చేయాలో చెప్పండి."

దశరథ నోరు తెరిచాడు. ఇరవై ఏళ్ళు సంచులు మోస్తూ ఎందరి ఆటలో చూశాడు, ఎన్నో కిటుకులు నేర్చాడు. వాటిలో ఒక్కటీ నాలుక మీదికి రాలేదు.